ఆరు మిల్లీమీటర్ల మూల

రాయగడలో రైలుగేటు దాటాక రేకుల షెడ్డు మాది.
గుండ్రటి గొట్టం అచ్చులోకి వెళ్లి
నడుం దగ్గర నలుచదరమై బయటికొస్తుంది.
సుత్తి లేదు, కొలిమి లేదు.
నీళ్లే.
మనం బిందెలతో మోసే నీళ్లే,
కాస్త నూనె కలిపి, రెండు చివరలూ బిరడాలు బిగించి
పారిపోవడానికి దారి లేకుండా చేసిన నీళ్లు.

ఎంత ఒత్తిడి పెట్టాలో చెప్పడం నా పని.
జీతాల పుస్తకంలో మాత్రం
కుంతల, గుమాస్తా అని ఉంటుంది.

సోమనాథంగారు బల్ల మీద బొమ్మ పరిచారు.
"నోటిలెక్కన సెప్పమ్మా, ఎంతవుతాది?"
నోటిలెక్కన నేను చెప్పను.
గోడ మందం రెండు, బయటి కొలత నలభై ఎనిమిది.
ఉక్కు లొంగే బలం, కాయితం మాట నమ్మితే, రెండొందల యాభై.
రెండింతల మందాన్ని బలంతో హెచ్చవేసి
నలభై ఆరుతో భాగించాను.
రెండు వందల పదిహేడు బార్లు.
అక్కడ గొట్టం మొదటిసారి ఉలుకుతుంది.
ఉలకడం వేరు, ఒదగడం వేరు.

"అయితే మన పంపు సాలు గదా!"
చాలు.
మూలల మాట నేనింకా ఎత్తలేదు.

ముందు పొట్ట ఉబ్బుతుంది.
అచ్చు గోడల్ని తాకి, తాకినచోటే అంటుకుపోతుంది.
ఇక మిగిలేవి నాలుగు మూలలు.
అక్కడికి వెళ్లడం లోహానికి ఇష్టముండదు.
వంపు ఎంత చిన్నదైతే
అంత బతిమాలించుకుంటుంది.
బొమ్మలో వంపు ఆరు మిల్లీమీటర్లు.
సాగి సాగి గోడ ఒకటీ పాయింటు ఆరుకి పలచబడి,
సాగినకొద్దీ మొండికేసి మూడొందల అరవై బలమై,
ఆ రెంటినీ హెచ్చవేసి ఆరుతో భాగిస్తే
తొమ్మిది వందల అరవై బార్లు.

మూడుసార్లు చేశాను.
మూడోసారికి కరెంటు పోయింది, ఫోను వెలుగులో చేశాను.
అంకె మారలేదు.

పంపు ఇస్తుంది, సరే. అచ్చుని మూసి పట్టేదెవరు?
ఆ ఒత్తిడికి పై చెక్క నూట నలభై టన్నులతో లేవాలని చూస్తుంది.
మా ప్రెస్సు వంద.
విశాఖ పాతసామాన్ల యార్డులో కొన్నది,
కొత్త ఆకుపచ్చ రంగు కింద
ఎవరిదో కంపెనీ పేరు ఇంకా ఉబ్బెత్తుగా తగులుతుంది.

"ఓపాలి సూద్దాం," అన్నారాయన.
చూశాం.
దండాసి సబరో మీటలు పట్టాడు.
రెండు చివరల్నించీ గొట్టాన్ని లోపలికి నెడుతున్నాడు.
ఎక్కువ నెడితే ముడత, తక్కువైతే చిరుగు.
"ధీరే, ధీరే," అంటాడు, ఎవరితోనో తెలీదు.
ఆరొందల ఎనభై దగ్గర
అచ్చు వెంట్రుకంత నోరు తెరిచింది.
ఆ సందులోకి గొట్టం పెదవి చాచింది.

చప్పుడు నాకు వినబడలేదు, పళ్లలో తెలిసింది.
దండాసి మొహమంతా తెల్లటి నూనెనీళ్లు.
గొట్టం తీసి చూపించాడు.
పొడుగునా చీలింది, ముదిరిన బెండకాయలా.
సోమనాథంగారు దాన్నటూ ఇటూ తిప్పి
వెల ఎంతో చెప్పలేదు. అదే భయమేసింది.

మర్నాడు కటక్‌కి ఫోను చేశాను, బొమ్మ గీసిన కుర్రాడికి.
వంపు పది చెయ్యమన్నాను.
ఆరు ఎందుకని అడిగాను.
చాలాసేపు కాయితాల గలగల.
"పాత బొమ్మలో అలా ఉంది మేడమ్,
నేను ఎక్కించానంతే."

పది!
ఆ నాలుగు మిల్లీమీటర్ల కోసం
నా రాత్రి ఒకటి, గొట్టం ఒకటి,
దండాసి ఎడమచెవిలో వారం రోజుల ఈలపాట.

ఇప్పుడు అయిదొందల డెబ్భై ఆరు బార్లు,
ఎనభై అయిదు టన్నులు.
కొత్తగా తొలిచిన అచ్చులోంచి గొట్టం వచ్చింది,
తడిగా, చల్లగా, ఈతకెళ్లొచ్చిన పిల్లాడి చెయ్యిలా.
దండాసి బొటనవేలితో మూలను రాసి చూశాడు,
ఏమీ అనకుండా నా చేతికిచ్చాడు.

రిజిస్టరులో నా అంకె పెన్నుతో రాసి ఉంది.
మూల నిండేసరికి మీటరు చూపింది ఆరు వందల పది.
పక్కనే పెన్సిలుతో రాశాను.
ముప్పై నాలుగు తేడా.
ఉక్కు కాయితం అబద్ధమాడిందో,
గోడ నేననుకున్నంత పలచబడలేదో...
జేకేపూర్ మిల్లు సైరను మోగింది.
ముక్క కోసి మందం చూడాలి.
రంపం దండాసి దగ్గరుంది.